పూడిక తీస్తే బతకని చేప

చెరువు ఎండితే చేప చస్తుంది, నీళ్లు నిలిస్తే బతుకుతుంది. ఇది మనకు ఎవరూ నేర్పనక్కర్లేని సంగతి. అందుకే వానాకాలంలో నిండి ఎండాకాలంలో మాయమయ్యే మడుగుల్లో ఏదో చేప అంతరించిపోతోందని వినగానే నోటికొచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మడుగు లోతు చేయించండి, పూడిక తీయించండి, ఏడాదంతా నీళ్లుండేలా చూడండి. ఇంకో మాట కూడా వినబడుతుంది: ఆ చేపను దేశదేశాల్లో అక్వేరియంలలో పెంచుతున్నారు కదా, ఇక అది పోయేదేముంది అని. రెండూ మంచి మనసుతో అన్న మాటలే. మొదటిది అమలు చేస్తే మాత్రం చేప చస్తుంది. రెండోదాన్ని నమ్ముకుంటే, చచ్చిన సంగతి తెలియడానికే ఏళ్లు పడుతుంది.

నేను మాట్లాడుతున్నది నోతోబ్రాంకియస్ అనే ప్రజాతి గురించి. అక్వేరియం వాళ్లు వీటిని కిల్లీలనో, క్లుప్తంగా నోతోలనో అంటారు. తూర్పు, దక్షిణ ఆఫ్రికాల్లో, ముఖ్యంగా కెన్యా, టాంజానియా, మొజాంబిక్‌లలో వీటి కాపురం. ఇప్పటికి 90కి పైగా జాతులకు పేర్లు పెట్టారు. వేలెడంత చేప. మగది ఎరుపు, నీలం, పసుపు కలిసి మెరుస్తుంటుంది, ఆడది మట్టి రంగులో ఉంటుంది. కొన్ని జాతులు ఒక నదీ పరీవాహకంలోని కొద్దిపాటి మడుగులు దాటి ఇంకెక్కడా లేవు. అలాంటి జాతి విషయంలో ఒక రోడ్డు కాంట్రాక్టరుకో, ఒక వరి రైతుకో, మేలు చేద్దామనుకున్న ఒక సంస్థకో మట్టి కావాల్సివస్తే చాలు, చేప చరిత్ర ముగుస్తుంది.

వీటిని కాపాడాలంటే ముందు కాపాడాల్సింది బురదను. అది ఎండి, నెర్రెలిచ్చి, పురుగు కూడా లేనట్టు కనబడే నెలల్లోనే ఆ కాపలా ఎక్కువ అవసరం. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. చిన్న మాటే అయినా, దీన్ని ఒప్పుకుంటే చేయాల్సిన పనుల జాబితా మొత్తం మారిపోతుంది.

నల్లరేగడి సంగతి

ఈ మడుగులు ఎక్కడబడితే అక్కడ ఏర్పడవు. అడుగున నల్లటి బంకమట్టి ఉండాలి. తడిస్తే ఉబ్బి నీటిని ఇంకనివ్వకుండా పట్టి ఉంచే మట్టి, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే మట్టి. కర్నూలులోనో, ఆదిలాబాదులోనో పత్తి పండించే రైతుకు దీన్ని వర్ణించి చెప్పనక్కర్లేదు. మనం నల్లరేగడి అనేదీ అదే రకం నేల. అందులో ఉండే స్మెక్టైట్ జాతి బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఎర్ర లేటరైట్ నేలలోని కయోలినైట్ అలా ఉబ్బదు. అందుకే ఆ ప్రాంతాల్లో పక్కపక్కనే రెండు మడుగులు వాననీటితో నిండుగా ఉన్నా, నల్లమట్టి మడుగులో నోతోలుంటాయి, ఎర్రమట్టి మడుగులో ఉండవు. వెతికేవాళ్లు ముందు చూసేది నీళ్లను కాదు, అడుగు మట్టి రంగును.

వాన పడి మడుగు నిండిన కొద్దిరోజుల్లోనే పిల్లలు దాదాపు అన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. తరువాత అంతా పరుగే. మొజాంబిక్ మడుగుల్లో నోతోబ్రాంకియస్ ఫుర్జెరి అనే జాతి గుడ్డు పగిలిన 14, 15 రోజులకే గుడ్లు పెట్టే వయసుకు వస్తోందని 2018లో ప్రచురించారు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత తొందర ఇంకెక్కడా నమోదు కాలేదు. కొన్ని మడుగులు రెండు నెలలు కూడా నిలవవు మరి. ఆడచేప రోజూ గుడ్లు పెడుతుంది. మగది తన వీపు రెక్కను ఆమె మీద కప్పి బురదకు అదుముతుంది, ఒక్కో గుడ్డు విడివిడిగా మట్టిలోకి దిగుతుంది. గుడ్డు సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది, దాని పెంకు గట్టిది. మడుగు ఎండగానే పెద్ద చేపలన్నీ చస్తాయి. ఇక ఆ జాతి మొత్తం మట్టిలోనే ఉంటుంది.

మన కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి కూడా ఎండే కుంటల్లో బతికేవే. అవి గాలి పీల్చి, బురదలో దాగి, తొలకరికి ఎదురెక్కి ప్రాణం నిలుపుకుంటాయి. అక్కడ తల్లి బతుకుతుంది. ఇక్కడ తల్లి బతకదు, గుడ్డు మాత్రమే బతుకుతుంది. ఈ తేడా మరిచి ఒకదాని వైద్యం ఇంకోదానికి చేయబోవడమే చాలా పొరపాట్లకు మూలం.

గుడ్డు లోపల మూడు మజిలీలు

మట్టిలోని గుడ్డు వరుసగా పెరుగుతూ పోదు. మూడు చోట్ల ఆగగలదు. ఈ మజిలీలను 1972లో వూర్మ్స్ అనే శాస్త్రవేత్త అంకెలతో గుర్తించాడు. మొదటిది చాలా తొలిదశ. కణాలు పచ్చసొన మీద చెల్లాచెదురుగా ఉంటాయి, పిండం ఆకారం ఇంకా రాదు. మడుగులో నీళ్లున్నంత కాలం అడుగు బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కాబట్టి గుడ్డు ఇక్కడే ఆగిపోతుంది. నీళ్లు ఇంకి, మట్టి పగిలి, నెర్రెల్లోంచి గాలి దిగాకే ముందుకు కదులుతుంది. రెండో మజిలీ సగం దారిలో. వెన్ను ఏర్పడి, గుండె కొట్టుకోవడం మొదలయ్యాక మళ్లీ ఆగుతుంది, నెలల తరబడి ఆగగలదు. వెచ్చగా ఉంటే కొన్ని గుడ్లు ఈ మజిలీని దాటేసి నేరుగా వెళ్లిపోతాయి. మూడోదానికి వచ్చేసరికి చేపపిల్ల పూర్తిగా తయారై, కళ్లు మెరుస్తూ, గుడ్డులో చుట్టుకుని నీటి కోసం కాచుకుని ఉంటుంది.

ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఒకే తల్లి గుడ్లు కూడా ఒకే వేగంతో నడవవు. కొన్ని తొలివానకు సిద్ధంగా ఉంటాయి, కొన్ని ఇంకా నడిమజిలీలోనే ఉంటాయి. మెట్ట రైతు తొలకరికే గాదెలోని విత్తనమంతా చల్లడు. మొదటి వాన మోసం చేసి మొలక మాడిపోతే రెండో విత్తుకు కొంత దాచుకుంటాడు. ఈ చేప చేసేదీ అదే. పదిరోజుల్లో ఎండిపోయే దొంగవాన వస్తే బయటికొచ్చిన పిల్లలన్నీ పోతాయి, మట్టిలో మిగిలిన గుడ్లు మళ్లీ ప్రయత్నిస్తాయి.

ఇప్పుడు అదే మడుగును లోతు చేద్దాం. ఏం జరుగుతుంది?

ముందుగా, గుడ్లున్నది పైపైన ఉన్న కొద్ది అంగుళాల బురదలోనే. జేసీబీ బకెట్టు మొదటి గీతలోనే వాటిని ఎత్తి గట్టు మీద పోస్తుంది. అక్కడ అవి పిండిలా ఎండి చస్తాయి. గుడ్డు ఎండుమట్టిలో బతుకుతుందంటే పూర్తిగా పొడిబారిన మట్టిలో అని కాదు. బంకమట్టి లోపల పట్టి ఉంచే కాస్త చెమ్మ కావాలి. ఎలాగో కొన్ని మిగిలాయనుకుందాం. ఇప్పుడు నీళ్లు ఏడాదంతా ఉంటాయి కాబట్టి బురదలోకి గాలి దిగదు, గుడ్లు మొదటి మజిలీ దాటవు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే పాడైపోతాయి. ఈలోగా నిలవ నీటికి అలవాటైన చేపలు వచ్చి చేరతాయి. వరదలో క్యాట్‌ఫిష్ వస్తుంది, లేదా ఎవరో తిలాపియా పిల్లలు వదులుతారు. ఏటా ఎండడమే ఈ మడుగుకు ఇన్నాళ్లూ కంచెగా ఉండేది. వేటాడే చేపలను ప్రతి వేసవీ చంపి, నోతోలకు ఖాళీ ఇల్లు అప్పగించేది. ఆ కంచెను మనమే పీకేశాం. నీళ్లు నిండుగా కనబడతాయి, ఫొటో బాగా వస్తుంది, చేప ఉండదు.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయను చూసినవాళ్లకు పూడికతీత అంటే మేలు అనే గుర్తుంటుంది. సాగునీటి చెరువుకు అది మేలే, ఆ చెరువు చేయాల్సిన పని వేరు. నేను భయపడేది, ఆ అలవాటైన చూపుతోనే ప్రతి పల్లాన్నీ, ప్రతి పడియనూ చూడటం గురించి.

ఎదురు వాదనలు

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఆఫ్రికాలో నోతోలు చాలాచోట్ల దొరికేది రోడ్ల పక్కన మట్టి తవ్విన గుంతల్లోనే. తవ్వడం అంత చెడ్డదైతే అక్కడ ఎలా ఉన్నాయి?

దీనికి కొంత జవాబు వెతికేవాళ్ల తీరులోనే ఉంది. కారు ఆపి వల వేయగలిగిన చోటే వెతుకుతారు కాబట్టి రోడ్డు పక్క గుంతలే ఎక్కువగా లెక్కలోకి వస్తాయి. మిగతా జవాబు మాత్రం నిజంగా ఆలోచించదగ్గది. వరద మైదానంలో, అదే నల్లమట్టిలో, పాత మడుగుకు దగ్గరగా తవ్విన లోతు తక్కువ గుంత వాననీటితో నిండి ఏటా ఎండుతుంటే, పెద్ద వరద వచ్చిన ఏడాది పాత మడుగు నుంచి చేపలో గుడ్లో దానిలోకి చేరతాయి. కొన్నేళ్లకు అది కూడా మడుగే. కాబట్టి గుంత తవ్వడం పాపం కాదు. ఉన్న మడుగును తవ్వడం, మట్టి మారేదాకా తవ్వడం, ఎండనంత లోతు తవ్వడం, ఇవే చంపేవి. కొత్తది కావాలంటే పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన, మోకాలు నుంచి నడుము లోతుకు మించకుండా, వాలుగా ఉండే అంచుతో తవ్వవచ్చు.

అయితే కొత్త గుంతలో చేప దానంతట అదే పుడుతుందని ఆశపడొద్దు. గుడ్లు దూరం ప్రయాణించడం చాలా అరుదు. దక్షిణ అమెరికాలోని ఇలాంటి వార్షిక చేపల గుడ్లు 650 తీసుకుని బ్రెజిల్‌లో కాస్కొరోబా హంసలకు తినిపించి చూశారు. సుమారు ఒక్క శాతం రెట్టలో ప్రాణంతో బయటపడ్డాయి. ఇది 2019లో వచ్చిన ఫలితం. వేల ఏళ్ల లెక్కలో ఆ ఒక్క శాతం చాలా పెద్దది, కొత్త లోయల్లోకి జాతి పాకడానికి సరిపోతుంది. రేపు పూడ్చబోయే మడుగుకు అది ఆసరా కాదు. ఏనుగులు బురదలో పొర్లి ఒంటికి అంటిన మట్టితో గుడ్లు మోస్తాయని కూడా పరిశోధకులు ఊహిస్తున్నారు. ఏనుగులు తిరిగే నేల ఎంత మిగిలిందో చూస్తే ఆ దారీ సన్నబడుతోంది.

ఇంకో వాదన: గుడ్లు ఏళ్ల తరబడి ఆగగలవు కదా, ఒకటి రెండేళ్లు మడుగు పాడైనా మళ్లీ వస్తాయి కదా? వస్తాయి, గాదెలో విత్తనం ఉంటే. ప్రతి దొంగవానా, చేపలు గుడ్లు పెట్టకముందే ఎండిపోయిన ప్రతి ఏడాదీ ఆ గాదె నుంచి తీసుకునేదే తప్ప వేసేది కాదు. వరుసగా మూడు నాలుగేళ్లు పురుగుమందు కలిసిన వరి నీళ్లు మడుగులోకి వస్తే, పిల్లలు ఏటా పుడతాయి, ఏటా పెద్దవి కాకుండానే చస్తాయి. చూసేవాళ్లకు ప్రతి వానకూ చేపపిల్లలు కనబడుతూనే ఉంటాయి కాబట్టి అంతా బాగుందనే అనిపిస్తుంది. గాదె అడుగంటిన సంగతి చివరి ఏడాది దాకా తెలియదు.

దోమల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన పురపాలక సిబ్బంది, ఆరోగ్య శాఖ వాళ్లు నీటి గుంటల్లో గంబూసియా చేపలు వదలడం మనకు తెలిసిందే. మడుగు అనగానే దోమ గుర్తుకురావడం సహజం. కానీ నోతోలున్న మడుగులో గంబూసియా వదిలితే అది దోమపిల్లలతో ఆగదు, చేపపిల్లల్నీ తింటుంది, పెద్దవాటి రెక్కలు కొరుకుతుంది. మడుగు ఎండగానే అదీ చస్తుంది కాబట్టి మళ్లీ వచ్చే ఏడాది వదలాలి. నోతోలు దోమపిల్లల్ని తింటాయి, ఎవరూ వదలకుండానే ఏటా వాటంతట అవే పుడతాయి. ఉన్న కాపలాదారును తరిమి కూలికి ఇంకొకరిని పెట్టుకోవడం ఎందుకు?

ఆనకట్టల విషయంలో నాకు ఇంత తేలికైన జవాబు లేదు. టాంజానియాలో రుఫిజీ నది మీద 2,115 మెగావాట్ల జూలియస్ న్యెరెరే ప్రాజెక్టులో 2022 డిసెంబరులో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఆ నది దిగువ మైదానంలో నోతోబ్రాంకియస్ ఎగ్గెర్సి వంటి జాతులున్నాయి. ఆ దేశానికి కరెంటు అవసరం, దాన్ని వద్దనే హక్కు బయటివాళ్లకు లేదు. మైదానపు మడుగుల్ని ఒకదానితో ఒకటి కలిపేది వరదే కాబట్టి, కొన్నేళ్లకొకసారైనా వానాకాలంలో గేట్లు ఎత్తి ఒక పెద్ద పొంగు వదిలే నియమం ఉండాలని అడగవచ్చు. అంతవరకు అడగడం న్యాయమే.

తొట్టెలో ఉంటే చాలదా

జాంజిబార్‌లోని ఉంగుజా ద్వీపంలో తప్ప ఇంకెక్కడా లేని నోతోబ్రాంకియస్ గుంతెరికి 1893లోనే పేరు పెట్టారు. అక్వేరియం లోకంలో అది అతి మామూలు చేప. దాని గుడ్లు సంచిలో పెట్టి పోస్టులో పంపుకుంటారు. సొంత ద్వీపంలో మాత్రం ఊరు పెరుగుతూ, పొలాలు పెరుగుతూ దాని మడుగులు కుంచించుకుపోతున్నాయి. తొట్టెల్లో వేలు ఉన్నంత మాత్రాన ఆ ద్వీపంలో చేప ఉన్నట్టు కాదు.

ఫుర్జెరి కథ ఇంకా విచిత్రం. 1960ల చివర్లో జింబాబ్వేలోని గోనారెజూ ప్రాంతంలో పట్టిన చేపల సంతతి ఇవాళ వృద్ధాప్య పరిశోధనలో ప్రపంచమంతా వాడుకలో ఉంది. కొలోన్, జెనా, స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాలలు దాని మీద పనిచేశాయి. 2015లో దాని జన్యుపటం పూర్తిగా వెలువడింది. కానీ ఆ వంశంలో చేపకూ చేపకూ మధ్య జన్యుభేదం దాదాపు లేదు. పరిశోధనకు అదే కావాలి. ఏ ఏడు ఎలా ఉంటుందో తెలియని మడుగులో చల్లడానికి మాత్రం అది పనికిరాని విత్తనం.

ఇళ్లలో పెంచేవాళ్ల సంతతిలో ఇంకో నష్టం జరుగుతుంది, దీని గురించి తగినంత మాట్లాడరు. పెంచేవాడు గుడ్లున్న పీట్‌ను, అంటే మట్టికి బదులు వాడే కుళ్లిన నాచు పొట్టును, పది వారాలకు తడుపుతాడు. పుట్టిన పిల్లల్ని పెంచుతాడు, పుట్టనివాటిని పారబోస్తాడు. అంటే తొలివానకు లేచేవే మిగులుతాయి, ఆగి చూసే గుణం ఉన్నవి ప్రతి తరంలోనూ చెత్తలోకి పోతాయి. అడవిలో ఏడాదికి ఒక తరం. తొట్టెలో మూడు తరాలు తీయవచ్చు. ఇరవై ఏళ్లు పెంచితే అరవై తరాల పాటు ఈ ఏరివేత నడిచినట్టు. ఏ గుణం వల్ల ఆ జాతి ఎండను గెలిచిందో సరిగ్గా ఆ గుణాన్నే పోగొట్టి, రంగుల్ని మాత్రం దాచుకుంటున్నాం.

అంతమాత్రాన పెంచడం మానాలని నేననను. మడుగు నిజంగా పోయిన రోజున మిగిలేది ఆ తొట్టె ఒక్కటే. కాబట్టి ఆ పనేదో సరిగ్గా చేయాలి. హైదరాబాదులోనో, విశాఖలోనో గుడ్లు తెప్పించుకుని మొదలుపెట్టేవాళ్ల కోసం చేయాల్సిన తీరు చెబుతాను.

ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు పెట్టాలి, లేకపోతే మగది ఆడదాన్ని తరిమి తరిమి చంపుతుంది. మూతకు రంధ్రం చేసిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఉడికించి కడిగిన పీట్ గానీ కొబ్బరి పొట్టు గానీ రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తే అందులో గుడ్లు పెడతాయి. వారం పదిరోజులకొకసారి దాన్ని వలలో వడగట్టి, పిండి, కాగితం మీద కొన్ని గంటలు ఆరనివ్వాలి. ఎంత చెమ్మ ఉండాలంటే, గుప్పిట్లో పట్టి నొక్కితే ఉండ కట్టాలి, చుక్క నీరు రాకూడదు. చెమ్మ ఎక్కువైతే బూజు పట్టి గుడ్లు తెల్లబడతాయి, తక్కువైతే సొట్టపడతాయి. తరువాత గట్టిగా మూసిన సంచిలో 23 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి. మన వేసవిలో గది వేడి 35 దాటుతుంది కాబట్టి, ఏసీ లేని ఇంట్లో సంచిని మట్టికుండలో పెట్టి చుట్టూ తడిగుడ్డ కట్టడం మేలు. గుంతెరికి పది పన్నెండు వారాలు, నోతోబ్రాంకియస్ రాచోవి అనే ఇంకో జాతికి ఐదారు నెలలు పడుతుంది. తేదీని నమ్ముకోకుండా భూతద్దంతో చూడాలి. గుడ్డులో కంటిపాప చుట్టూ బంగారు రంగు వలయం కనబడితేనే తడపాలి.

తడిపే నీళ్లు చల్లగా, 18 నుంచి 20 డిగ్రీలు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు మించకుండా ఉండాలి. చిటికెడు పొడి మేత వేస్తే అది కుళ్లుతూ నీటిలో ప్రాణవాయువును తగ్గిస్తుంది. ఆ తగ్గుదలే గుడ్డుకు బయటికి రమ్మనే పిలుపు. అడుగున పొట్టతో పాకే పిల్లలు ఎక్కువగా కనబడితే గుడ్లను తొందరపడో ఆలస్యంగానో తడిపామని అర్థం, వాటి గాలితిత్తి నిండలేదు. పుట్టిన రోజే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య) పిల్లల్ని మేతగా ఇవ్వాలి. నోతోలకు వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు తేలిగ్గా సోకుతుంది. నాలుగైదు లీటర్లకు చెంచాడు ఉప్పు కలిపితే చాలావరకు దూరంగా ఉంటుంది.

ఇక జాతిని నిలబెట్టే పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. మొదటిసారి తడిపిన పీట్‌ను పారేయకూడదు. మళ్లీ పిండి ఆరబెట్టి, నెల నెలన్నర తరువాత రెండోసారి, వీలైతే మూడోసారి తడపాలి. మూడు విడతల్లో పుట్టినవాటినీ కలిపి తరువాతి తరానికి తల్లిదండ్రులుగా ఉంచాలి. తరానికి పాతిక చేపలకు తగ్గకుండా పెట్టుకోవాలి. ఒక్కరి ఇంట్లో కుదరకపోతే నలుగురు పంచుకుని ఏటా గుడ్లు మార్చుకోవాలి. ఏ చోట, ఏ ఏడు పట్టిన చేప అనే చీటీ సంచి మీద నుంచి ఎప్పుడూ ఊడకూడదు, రెండు చోట్లవాటిని కలపకూడదు. ఇది చాదస్తమనుకునేవాళ్లకు రాచోవి ఉదాహరణ చాలు. ఒకే జాతిగా చూస్తూ వచ్చిన ఆ చేపల్లోంచి 2010లో క్రిసనొవి, పియెనారి అని ఇంకో రెండు జాతుల్ని వేరు చేశారు. చీటీలు దాచినవాళ్ల దగ్గర మూడు జాతులు మిగిలాయి. కలిపేసినవాళ్ల దగ్గర ఏదీ మిగల్లేదు.

ఈ చేపల్ని మన కుంటల్లోనో పడియల్లోనో వదలడం ఎంతమాత్రం తగదు. తొట్టెలో పెరిగిన చేపలతో గ్లూజియా అనే పరాన్నజీవి, మైకోబాక్టీరియా వంటివి తెచ్చే రోగాలు వస్తాయి. సొంత ఆఫ్రికా మడుగులోకి తిరిగి వదలాలన్నా అదే మొదటి అడ్డంకి.

ఎండినప్పుడు లెక్క చూడటం

ప్రాజెక్టు వచ్చే ముందు పర్యావరణ నివేదిక రాయడానికి మనుషులు సాధారణంగా రోడ్డు బాగుండే ఎండాకాలంలోనే వెళతారు. నెర్రెలిచ్చిన నేల కనబడుతుంది, జలచరాలు లేవని రాస్తారు. అబద్ధమేమీ రాయలేదు, చూడాల్సిన చోట చూడలేదు. ఎండినప్పుడు కూడా చూసే పద్ధతి ఉంది, ఖర్చు కూడా తక్కువే. మడుగు నడుమ నుంచి అంచు దాకా ఎనిమిది పది చోట్ల పైన ఉన్న ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మట్టిని, చోటుకు ఒకటి రెండు కిలోలు, విడివిడి సంచుల్లో తేవాలి. గడ్డల్ని సుత్తితో పొడి చేయకుండా చేత్తో విరిచి, తెల్లటి టబ్బుల్లో జానెడు నీళ్లతో తడిపి, మొదటి రెండు రోజులు జాగ్రత్తగా, తరువాత వారం పాటు రోజూ చూడాలి. ఇంకో పాలు మట్టిని నానబెట్టి అర మిల్లీమీటరు జల్లెడలో కడిగితే గుడ్లే దొరుకుతాయి. బతికినది గాజుపూసలా ఉంటుంది, చచ్చినది తెల్లగా. మొదటి తడిలో ఏమీ రాకపోతే లేదని రాసేయకూడదు. ఆరబెట్టి ఆరు వారాలకు మళ్లీ తడపాలి. పని అయ్యాక మట్టిని తెచ్చిన మడుగులోనే పోయాలి. ఇంత చేసినా ఏమీ రాకపోతే, వానలు పడ్డ నెలకు త్రికోణపు చేతివల పట్టుకుని ఇంకోసారి వెళ్లాలి.

పక్కన బతికే మనుషుల మాట

ఈ చేపను అక్కడివాళ్లు పెద్దగా తినరు, అది తినేంత చేప కాదు. దానికోసం పశువులకు నీళ్లు లేకుండా చేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. మడుగు చుట్టూ కంచె వేయడం నాకు నచ్చని పద్ధతి. ఆవులు దిగి నీళ్లు తాగడం వల్ల మడుగు చావదు. వేల గొడ్లు ఒకేచోట తొక్కితే చస్తుంది. కాబట్టి పశువుల కోసం వేరే గుంట తవ్వించాలి, లోతుగానే తవ్వించాలి, ఏడాదంతా నీళ్లుండేలా. కానీ అది మడుగుకు కనీసం వంద మీటర్ల దూరంలో, దిగువ వైపున ఉండాలి. ఎగువన తవ్వితే పొంగినప్పుడు అందులోని తిలాపియా మడుగులోకి దిగుతుంది. రెండింటినీ కలిపే కాలువ ఉండకూడదు. మడుగు చుట్టూ పది పదిహేను మీటర్ల గడ్డిని దున్నకుండా వదిలితే మందు నీళ్లు చాలావరకు అక్కడే ఆగుతాయి. కొత్త రోడ్డు పడితే తూము ఎత్తు సరిగ్గా పెట్టాలి. కిందికి పెడితే మడుగు ముందే ఖాళీ అవుతుంది, పైకి పెడితే వరద అడ్డుపడి ఒకవైపే నిలుస్తుంది.

ఒక్క మడుగును కాపాడితే కాపాడినట్టు కాదు. ఒక ఏడు ఒకదానికి వాన తప్పుతుంది, ఇంకో ఏడు ఇంకోదానికి. ఒకే వరదలో కలిసే నాలుగైదు మడుగుల గుంపును తీసుకోవాలి. జాతీయ పార్కుల సరిహద్దులు పెద్ద జంతువుల కోసం గీసినవి, ఈ గుంపుల్లో చాలావరకు ఆ గీత బయట, ఊరి భూమిలో, రోడ్డు పక్కన పడతాయి. బ్రెజిల్‌లో రివులిడే కుటుంబపు చేపలు, అంటే అక్కడి కిల్లీలు, ఇలాంటి కష్టంలోనే ఉన్నాయి. 2014 నాటి జాతీయ జాబితాలో ఆ ఒక్క కుటుంబం నుంచే 125 జాతులు ప్రమాదంలో ఉన్నవిగా చేరాయి. అంతకు ముందే వాటి కోసం ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా తయారైంది. చేప పేరు జాబితాకెక్కడం మంచిదే. ఆ మడుగు ఉన్న సర్వే నంబరు కూడా ఎక్కడో ఒకచోట ఎక్కాలి.

హద్దురాళ్లు పాతాల్సింది కూడా మడుగు నిండుగా ఉన్నప్పుడే. ఎండాక కొలతకు వెళితే పల్లం ఎక్కడ మొదలైందో, నీళ్లు ఎందాకా వచ్చాయో కొలిచేవాడికి తెలియదు. నల్లమట్టి అంచు దాకా కాక, నడుమ ఉన్న గుంత వరకే రాళ్లు పడతాయి. లోతు తక్కువగా ఉండి, ముందుగా ఎండి, గుడ్లకు ముందుగా గాలి దొరికే అంచు నేల హద్దు బయట ఉండిపోతుంది. వచ్చే దుక్కిలో నాగలి మొదట దిగేది అక్కడే.